ఎఫ్-త్రీలో దాచిన పసుపు

ఇన్సులిన్ అణువులో గంధకం పసుపు రంగులో కనిపించినందుకు నా ఉద్యోగం పోయింది. ఈ మాట బయటి జిల్లాల వాళ్లకు చెబితే నవ్వుతారు. మా కడప జిల్లా వాళ్లు నవ్వరు. "అంతటితో వదిలేసినారా నిన్ను?" అని అడుగుతారు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బయోటెక్నాలజీ చెప్పేదాన్ని. మా ఇల్లు జమ్మలమడుగు. రోజూ పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం బస్సులో తిరిగొచ్చేదాన్ని. కాలేజీ కాగితాల్లో నేను టెంపరరీ. పాఠం చెప్పిన నెలకు జీతం, ఎండాకాలం సెలవుల్లో గాలి. కాలేజీ యజమానిని అందరూ కరస్పాండెంటు సార్ అనేవారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆ నెమ్మదిని చూసి నేను ఆయన్ని మంచివాడనుకున్నాను. కొత్త కంప్యూటర్ ల్యాబ్ మొదలైన నెల్లోనే నాకు పర్మనెంట్ ఆర్డరు ఇస్తానని ఆయన నోటితోనే చెప్పాడు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంతగానంటే, సిగ్గు లేకుండా ప్రార్థనలో అడిగేదాన్ని. ఇంట్లో గడవక కాదు, మా నాన్న జమ్మలమడుగులోనే మిషన్ బడిలో టీచరు. ఆ ల్యాబ్ నాది కాబట్టి. ఏ కంప్యూటర్లు కొనాలో చెప్పింది నేను, తిరుపతిలో నేను చదువుకున్న యూనివర్సిటీకి పోయి అణువుల్ని చూపించే సాఫ్ట్‌వేర్‌ను సీడీలో తెచ్చింది నేను, ఎక్కించింది నేను. వేరేవాళ్లు వచ్చి నా కుర్చీలో కూర్చుంటారంటే నా ప్రాణం ఒప్పుకోదు.

ఆ సాఫ్ట్‌వేర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. తెర మీద అణువు గాల్లో వేలాడుతూ కనిపిస్తుంది. దానికి ముందూ వెనకా లేదు, కిందా పైనా లేదు. మౌస్ పట్టుకుని తిప్పుతూ పోతే ఎక్కడో ఒక కోణంలో, "ఓహో, ఇది దీన్ని ఇలా పట్టుకుందా" అని తెలుస్తుంది. చెయ్యి కాస్త కదిలిందా, ఆ కోణం పోయినట్టే. మళ్లీ రమ్మంటే రాదు, ఎంత తిప్పినా రాదు. అందుకని దొరికిన చూపును దొరికినచోటే దాచుకోవాలి. కీబోర్డు పై వరసలో ఎఫ్-వన్, ఎఫ్-టూ అని మీటలుంటాయి కదా, ఒక్కో మీట కింద ఒక్కో చూపు. తర్వాత ఎప్పుడు ఆ మీట నొక్కినా అణువు దానంతట అదే గిర్రున తిరిగి, దాచిననాడు ఎలా ఉందో అలాగే వచ్చి నిలబడుతుంది. అదే కోణం, అదే దూరం, అవే రంగులు. అయితే ఒక మెలిక ఉంది. మీట కింద దాచినంత మాత్రాన సరిపోదు, ఫైలును కూడా సేవ్ చేయాలి. చేయకముందే కరెంటు పోతే కొత్తగా దాచినవన్నీ పోతాయి, ఫైల్లో ఉన్న పాతవే మిగులుతాయి.

ల్యాబ్ ప్రారంభానికి జిల్లాలో పెద్ద నాయకుడొకాయన వస్తున్నాడని తెలిసింది. కరస్పాండెంటు ఆయన పక్షం మనిషి. ఆయనకు షుగరుందట, అందుకని ఇన్సులిన్ చూపిద్దామన్నాడు. నాకూ ఉత్సాహం వచ్చింది. ఇన్సులిన్‌లో రెండు గొలుసులుంటాయి, ఆ రెంటినీ విడిపోకుండా పట్టి ఉంచేవి గంధకం జంటలు. ఎఫ్-వన్‌లో మొత్తం అణువును పెట్టాను, ఎఫ్-టూలో పక్కనుంచి రెండు గొలుసుల్ని, ఎఫ్-త్రీలో గంధకం జంటల్ని బాగా దగ్గరగా, పెద్ద పెద్ద గుండ్లుగా. నల్లటి తెర మీద పసుపు గుండ్లు. దానికోసం రెండు రోజులు తిప్పాను. ఎంత బాగా వచ్చిందో! ఫైలు సేవ్ చేసి, ఆ పూట బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏదో పాట కూడా పాడుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున్నే కాలేజీ మేనేజరు ల్యాబ్‌లోకి వచ్చాడు. ఆయన కరస్పాండెంటుకు బామ్మర్ది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, ఎదుటి పక్షం రంగు పసుపు. ఆయన అప్పటికే స్వాగతం దండల్లోంచి బంతిపూలు తీయించి, క్యాంటీను గోడకు ఎప్పటినుంచో ఉన్న పసుపు మీద సున్నం కొట్టించి వచ్చాడు. మూడు మీటలూ నొక్కి చూపించాను. మూడోది చూడగానే ముందుకు వంగాడు.

"ఏందమ్మా ఆ పసుపు?"

"గంధకం సార్. సల్ఫర్."

"దానికి పసుపు ఎవరు పూసినారు?"

"ఎవరూ పూయలేదు సార్. ఎక్కడైనా అంతే. ఆక్సిజన్‌కు ఎరుపు, నైట్రోజన్‌కు నీలం, సల్ఫర్‌కు పసుపు. ప్రపంచమంతా అదే వాడతారు."

"ప్రపంచం సంగతి నాకెందుకు పాపా, ప్రొద్దుటూరు సంగతి జూడు. పెద్దాయన మన కాలేజీకొచ్చి ఎదుటోళ్ల రంగు జూసి పోవాల్నా?"

నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. "అయితే మీ ఇంట్లో పప్పులో కూడా పసుపు మానేసినారా సార్?" అన్నాను. ఆయన నవ్వలేదు. నావైపు చూసి, "ఆకుపచ్చ పెట్టు, కంటికి సల్లగా ఉంటాది" అన్నాడు.

"ఆకుపచ్చ పెడితే క్లోరిన్ అనుకుంటారు సార్."

"అనుకునేటోడు యాడున్నాడమ్మా ఈడ?"

అది మాత్రం నిజం. పళ్లు కొరుక్కుంటూ గంధకానికి ఆకుపచ్చ వేశాను, ఎఫ్-త్రీ కింద మళ్లీ దాచాను, నొక్కి చూపించాను. ఆకుపచ్చ గుండ్లు వచ్చి నిలబడ్డాయి. ఆయన ముఖం తేటపడింది. "ఇంగ నడు, గేటు కాడ మేడమ్‌లంతా పూల తట్టలు పట్టుకోని నిలబడాల."

"ఒక్క నిమిషం సార్, ఫైలు సేవ్ చేసి వస్తా."

"నీ సేవింగులు మళ్లా చేసుకుందువు గానీ. కాన్వాయి ముద్దనూరు దాటింది. రంగు మారింది గదా, నాకు కనపడ్తాంది గదా! లెయ్."

కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి లాగాడు. లేచాను. ఎమ్మెస్సీ చదివినా పీహెచ్‌డీ చేసినా, నాయకుడొస్తే ఆడ లెక్చరర్ల పని పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర పూలు చల్లడమే. మగ లెక్చరర్లు నీడలో కుర్చీల్లో కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది, తట్టలో గులాబీ రేకులు వాడిపోయాయి, కాన్వాయి రాలేదు. మధ్యలో కరెంటు పోయింది. మైకులో పాట మాత్రం ఆగలేదు. అదేంటని ఆలోచించలేదు నేను. ల్యాబ్ కంప్యూటరుకు ఉన్న యూపీఎస్‌ను ఊడదీసి మైకు సెట్టుకు తగిలించారని తర్వాత తెలిసింది.

బండ్ల దుమ్ము కనిపించి, పూలు చల్లి, దండలు పడుతున్నప్పుడు నేను వెనక మెట్లెక్కి ల్యాబ్‌కు పరిగెత్తాను. తెర నల్లగా ఉంది. జనరేటర్ వేసినట్టున్నారు, మీట నొక్కితే కంప్యూటర్ లేచింది. అది లేచేదాకా నేను చేసిన ప్రార్థన మా చర్చిలో ఎప్పుడూ చేయలేదు. ఫైలు తెరిచాను. ఇన్సులిన్ వచ్చింది. అంతలోకే తుపాకులు పట్టుకున్న గన్‌మెన్లు లోపలికి వచ్చారు. పెద్దాయన వచ్చే గదిలో బల్లల దగ్గర ఎవరి చేతులూ ఉండకూడదు, అది వాళ్ల పద్ధతి. "దూరంగా జరుగమ్మా, చేతులు కనపడేట్టు పెట్టు" అన్నాడొకడు. ఎఫ్-త్రీ నొక్కి, ఒక్క వరస ఆజ్ఞ టైపు చేసి, మళ్లీ దాస్తే చాలు, ఆకుపచ్చ వచ్చేస్తుంది. "అన్నా, ఒక్కటి నొక్కి వస్తా" అన్నాను. వాడు తుపాకీ అడ్డం పెట్టాడు.

పెద్దాయన వచ్చాడు. వెనకే కరస్పాండెంటు, మేనేజరు, తెల్ల చొక్కాల మంద. "సార్, చిన్న మాట" అని కరస్పాండెంటుకు సైగ చేశాను. తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాడు. "చెప్పమ్మా, సార్‌కు చూపించు" అన్నాడు.

నేను అనుకున్నాను, రెండిటితో ఆపేస్తాను, మూడోది ఉన్నట్టే చెప్పను. ఎఫ్-వన్ నొక్కాను. అణువు తిరుగుతూ వచ్చి నిలబడింది. ఇదే ఇన్సులిన్ అని చెప్పాను. పెద్దాయనకు నచ్చింది. "రోజూ నేను పొడుచుకునే దరిద్రం ఇదేనా?" అన్నాడు. అందరూ ఆయన నవ్వేదాకా ఆగి నవ్వారు. ఎఫ్-టూ నొక్కాను, రెండు గొలుసుల సంగతి చెప్పాను. "అంతే సార్, థాంక్యూ" అన్నాను.

"అంతే కాదు సార్," అన్నాడు మేనేజరు, గర్వంగా ముందుకొచ్చి. "మూడోది ఉంది, అది శానా బాగుంటాది. నేనే దగ్గరుండి చేపిచ్చినా. ఇదో, ఈ మీట. మీ చేత్తోనే నొక్కండి సార్."

పెద్దాయన ఉంగరాల వేలు చాపి ఎఫ్-త్రీ నొక్కాడు.

అణువు గిర్రున తిరిగింది. తెర లోపలినుంచి పసుపు గుండ్లు పెద్దవవుతూ పెద్దవవుతూ ఆయన ముఖం మీదికి వచ్చి ఆగాయి. ఆయన ఇంకోసారి నొక్కాడు, మారుతుందేమోనని. అదే పసుపు. ఇంకోసారి నొక్కాడు. అదే.

"ఏందప్పా ఇది," అన్నాడు, కోపం లేకుండా. "మన ఇంట్లోనే కూసోబెట్టినావే వాళ్లను."

మేనేజరు ముఖం తెల్లగా పాలిపోయింది. "సార్, పొద్దున నేను నిలబడి ఆకుపచ్చ పెట్టిచ్చినా సార్! నా కండ్లతో జూసినా. ఈమే మళ్లా మార్చింది. పొద్దున గూడా పప్పులో పసుపు మానేసినారా అని ఎగతాళి చేసింది."

పాపం, అతను అబద్ధం చెప్పడం లేదు. ఆకుపచ్చ చూశాడు, ఇప్పుడు పసుపు చూస్తున్నాడు, మధ్యలో గదిలో ఒంటరిగా ఉన్నది నేను. ఎవరైనా అదే అనుకుంటారు. నేను గబగబా చెప్పుకొచ్చాను. "సార్, కరెంటు పోయింది సార్, పాతది వచ్చింది. ఇది రంగు కాదు సార్, గంధకం. గంధకం ఎప్పుడూ పసుపే ఉంటుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా సీమలో గంధకం అనే మాట పుస్తకాల్లోంచి ఊళ్లకు రాలేదు, నాటుబాంబుల్లోంచి వచ్చింది. "గంధకమా?" అన్నాడొక గన్‌మన్. ఇద్దరు పెద్దాయనకు అడ్డంగా వచ్చారు, ఒకడు బల్ల కిందికి వంగి చూశాడు. పట్టుచీరలో నేను చేతులు పైకెత్తి నిలబడ్డాను. ఎత్తమని ఎవరూ చెప్పలేదు, అవే లేచాయి.

పెద్దాయన మాత్రం కదల్లేదు. "ఎవరి పాప ఈమె?" అని అడిగాడు.

"టీచర్ కూతుర్ని సార్. జమ్మలమడుగు."

"జమ్మలమడుగులో ఎవరి పక్క?"

"ఎవరి పక్కా లేము సార్. మేము చర్చికి పోయేవాళ్లం."

"చర్చికి పోయేటోళ్లకు ఓట్లుండవా?" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. ఆయన నవ్వకుండా వెళ్లిపోయాడు, ఈసారి ఆయన నవ్వేదాకా ఎవరూ ఆగలేదు.

మెట్లు దిగిన అడుగుల చప్పుడు పోకముందే తెల్ల చొక్కాల్లో ఇద్దరు తిరిగొచ్చారు. ఒకడు మానిటర్‌ను రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. రెండోవాడు చీపురు వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఊడ్సు. నువ్వు చేసిన గలీజు నువ్వే ఎత్తు." తలుపు దగ్గర నా తోటి లెక్చరర్లు నిలబడి ఉన్నారు, పొద్దున నా చీర కుచ్చిళ్లు సర్దినవాళ్లు. ఒక్కరు లోపలికి రాలేదు. చీర కొంగు నడుముకు దోపుకుని గాజు పెంకులన్నీ ఊడ్చాను. ఏడవలేదు. వాళ్ల ముందు ఏడిస్తే నన్ను నేను చెప్పుతో కొట్టుకునేదాన్ని.

అయినా నాకు ఆశ పోలేదు. కరస్పాండెంటు చదువుకున్నవాడు, కూర్చోబెట్టి చెబితే అర్థమవుతుందనుకున్నాను. మర్నాడు ఆదివారం. చర్చినుంచి వచ్చి అన్నం తింటున్నాం, వాకిట్లో జీపులు ఆగాయి. పసుపు కండువాలు. ఎదుటి పక్షం మనిషొకాయన, పులివెందుల వాడు, పసుపు శాలువ పట్టుకుని నేరుగా లోపలికి వచ్చాడు. వెంట ఒక విలేకరి, కెమెరా.

"యాడ మా ఆడబిడ్డ? పులి గుహలోకి పోయి మన రంగు నిలబెట్టినావు తల్లీ!"

"నేనేం నిలబెట్టలేదు. అది గంధకం" అన్నాను, ఎంగిలి చేత్తో.

"అదే, అదే! భయపడాకు. మేముండాం."

మా నాన్న జన్మలో గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు చేతులు జోడించి, "అయ్యా, మేము ఎవరి మనుషులమూ కాదు, మమ్మల్ని వదిలేయండి" అన్నాడు. ఆ జోడించిన చేతుల్ని ఫోటో తీశారు. పేపర్లో అది కృతజ్ఞత తెలుపుతున్న తండ్రిగా పడింది. నా భుజాల మీద శాలువ, మెడలో బంతిపూల దండ, చేతికి పప్పు. నేను దండ తీసి విసిరికొట్టాను గానీ అది ఫోటో తర్వాత.

ఆ సాయంత్రం నుంచి మా ఇంటికి ఎదురుగా మోటారు సైకిలు మీద పెద్దాయన మనుషులు ఇద్దరు కూర్చోవడం మొదలుపెట్టారు. ఏమీ అనరు, ఏమీ చేయరు, మా వాకిలి చూస్తూ వేరుశనక్కాయలు వొలుచుకు తింటారు. చర్చి పెద్ద వచ్చి, "కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చోమ్మా, పిల్లలు భయపడతాండారు" అన్నాడు. క్షమించడం గురించి అన్ని ప్రసంగాలు చేసే మనిషి!

సోమవారం కరస్పాండెంటు తన గదికి పిలిచాడు. నేను మీటలు, ఫైళ్లు, యూపీఎస్ అన్నీ వరసగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"అంతా నిజమేనమ్మా. సల్ఫర్ పసుపని నాకు తెలీదనుకున్నావా? నేను గూడా కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ."

"మరి ఆ రోజు ఒక్క మాట చెప్పలేదే సార్ వాళ్లకు?"

"ఆ గదిలో కెమిస్ట్రీ చెప్పేదానికి నాకేం పని? మెల్లగా నేనే సర్దేటోణ్ని. కంప్యూటర్లో పసుపుకు ఏదో ఒక జవాబు చెప్పుకుంటా. నీ మీద కప్పిన శాలువకు ఏం చెప్పుకోవాల?" టీ తెప్పించాడు నాకు. తాగమన్నాడు. తర్వాత అదే నెమ్మదితో అన్నాడు, "నీ చోట్లో మా బామ్మర్ది కూతురు వస్తాంది. ఆ చూపులు ఎట్ల దాచాల్నో, ఎట్ల పిలవాల్నో ఈ వారం నేర్పిచ్చి పో తల్లీ. నువ్వు నేర్పిచ్చినట్టు ఎవరూ నేర్పియ్యరు."

నేర్పించాను. ఎందుకు నేర్పించావని ఇప్పుడు నన్ను ఎవరూ అడగొద్దు. మా వాకిలి ఎదురుగా ఆ మోటారు సైకిలు ఉంది, లోపల మా నాన్న ఉన్నాడు. ఆ పిల్ల కొత్త మానిటర్ ముందు కూర్చుని గంధకానికి ఏ రంగు పెట్టాలని అడిగింది. మీ నాన్నను అడుగు అన్నాను.

తర్వాత ప్రొద్దుటూరులో మిగతా కాలేజీలన్నీ తిరిగాను. సర్టిఫికెట్లు చూడకుండానే, "శాలువ మేడమ్ కదా మీరు?" అనేవాళ్లు. జమ్మలమడుగులోనూ అంతే. చివరికి మా నాన్నే అన్నాడు, "ఆ శాలువ కప్పినాయన్నే అడుగుదాం రామ్మా. మేముండాం అన్నాడు గదా. వాళ్లకు కావాల్సినోళ్ల కాలేజీలు కర్నూల్లో ఉన్నాయంట." నాకు ఇష్టం లేదు. కానీ ఉద్యోగం కావాలి. ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాం.

ఆయన ఇంటి వరండాలో ఉగ్గాని తింటున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, మా నాన్నకు కుర్చీ వేయించి, మాకూ ప్లేట్లు పెట్టించాడు. నేను జరిగిందంతా చెప్పాను. కర్నూల్లో ఒక మాట చెబితే చాలు, ఏ చిన్న పోస్టయినా చేస్తానన్నాను. మా నాన్న తల వంచుకుని, "మీ వల్ల పోయింది సార్, మీరే ఇప్పియ్యాల" అన్నాడు.

ఆయన నోట్లో ముద్ద నములుతూ నావైపు జాలిగా చూశాడు. నిజమైన జాలే అది, ఇప్పటికీ నేను దాన్ని అనుమానించను.

"పాపా, నువ్వు చదువుకున్నదానివి, అర్థం చేసుకో. ఎలక్షన్ ముందర ప్రతి మీటింగులో నీ మాటే చెప్తాండాను. మన రంగు కోసం ఉద్యోగం పోగొట్టుకున్న ఆడబిడ్డ అని. జనం కండ్లు తుడుచుకుంటాండారు. ఇప్పుడు నీకు ఉద్యోగం ఇప్పిస్తే, ఇంగ నేనేం చెప్పుకోవాల?"

మా నాన్న ఉగ్గాని ప్లేటు కింద పెట్టాడు. నేను పెట్టలేదు. ఆకలేసింది, తినేశాను. తినేదాకా ఆయన పక్కనే నిలబడి, ఇంకొంచెం వెయ్యమని లోపలికి కేకేశాడు.